నీళ్లు తాగే తెలుపు

కాజీపేటల బండి మారి
జమ్మికుంట నుంచి వచ్చిండు ఓదెలు.
టిఫిన్ డబ్బాల అన్నం లేదు,
పాత బనీన్ల చుట్టిన బుష్షున్నది.

నేను తిప్పిందే. గుర్తుపట్టిన.
లోపలి అంచుకు నేను పెట్టే చిన్న వాలు
నా చేతిరాత లెక్క.
పోయిన దసరా ముంగట, నైలాన్ రాడ్డు.
గడ్డపెరుగు తెలుపు.
టూలు ముట్టంగనే తెగకుండ
గజాలకు గజాలు రిబ్బను లేచింది.
"ఎంత మంచిగున్నదక్కా" అన్నడు ఓదెలు అప్పుడు.
నేనూ గదే అనుకున్న.

ఇనుప కాలర్ల కూసున్నది, నీళ్లు తాగింది.
బయటికి పెరుగుదామంటె ఇనుము జాగ ఇయ్యలే,
లోపలికి పెరిగింది,
షాఫ్టు గొంతు పట్టుకున్నది.
బెల్టు కాలింది. మోటరు మూల్గి మూల్గి ఆగింది.
ఉప్పుడు మిల్లుల నానిన వడ్లు
కుండీలనే రెండు దినాలు పులిసినయ్.
సేటు ఆ నష్టం ఓదెలు జీతంల కోసిండట.
ఆయినె చెప్పలే. చాయ్ వద్దన్నడు,
ఎందుకని నేనే అడిగిన.

మొగిలి మేస్త్రి బతికున్నప్పుడు అనేటోడు:
"ఏది గట్టిదని అడుగకు పిల్లా.
ఎక్కడ కూసుంటది, ఏం తాగుతది,
ఎంత ఉడుకుల ఉంటది, పక్కపొంటి ఎవలుంటరు,
కిరాయికి ఇల్లిచ్చేటోడు అడిగినట్టు అడుగు."
నేను కొలత అడిగిన. ఎన్ని కావాల్నో అడిగిన.
నీళ్లుంటయా అని అడుగలే.

ఇయ్యాల అడిగిన.
సుద్దముక్కతోని లేతు మీదనే రాసుకున్న.
నీళ్లు: పొద్దుమాపు.
ఉడుకు: చెయ్యి పెట్టలేం, కాని మసలదు.
నూనె పెట్టచ్చా? వద్దక్కా, బియ్యంల కలుస్తది.
ఇసుక?
మొదటిసారి నవ్విండు. "వడ్లల్ల లేనిదెప్పుడు?"

టెఫ్లాన్ ఉడుకుకు బెదరది, నీళ్లు ముట్టది,
బరువు పడితె మాత్రం మెల్లమెల్లగ జరుగుతది,
సాక్ష్యం చెప్పాల్సిన పెద్దమనిషి లెక్క.
పాలిథిన్ ఆ వేడికి మెత్తబడుతది.
పీక్ అని ఒకటున్నది, అన్నిటికీ ఓరుస్తది.
దాని ధర చెప్తె
ఓదెలు ఖాళీ డబ్బా దిక్కు చూసిండు.
మిగిలింది అసిటాల్,
అండ్ల కూడ ఉడుకునీళ్లకు ఆగే రకం.

స్టేషన్ రోడ్డుల గిర్ధారి దుకాణం.
రెండు రాడ్లు, రెండూ తెలుపే, స్టిక్కర్లు ఊడినయ్.
"ఇదే, నమ్ము" అన్నడు.
నమ్మకాన్ని కొలిచే వెర్నియర్ నా తాన లేదు.
కొసకు రవ్వంత గీకి అగ్గిపుల్ల ముట్టిచ్చిన.
ఒకటి కాలిన ఎంటికల వాసన. పక్కకు పెట్టిన.
ఇంకొకటి
మంట ఉన్నదా లేదా అన్నట్టు నీలంగ,
కండ్లు సుర్రుమన్నయ్, నీళ్లు కారినయ్.
ఇదే ఇయ్యి, అన్న.
ఏడుస్తున్న అనుకొని
గిర్ధారి ఇరవై రూపాయలు తగ్గిచ్చిండు.

రాత్రి తిప్పిన.
రిబ్బను లేదు, అందం లేదు,
చిప్పు ముక్కలు ముక్కలు, వడగండ్ల లెక్క రాలింది.
వేడికి పెరిగేటందుకు సందు వదిలిన,
కాయితమంత సందు,
పోయినసారి నా దిమాకుల లేని సందు.
కూలి తీసుకోలే. రాడ్డు పైసలు తీసుకున్న.
అంతకంటె మంచిదాన్ని కాను.

పాత బుష్షు కిటికీల ఉన్నది,
పక్కనే ఆ కాలరు కొలతకు కోసిన పైపు ముక్క.
మే నెల ఎండకు ఎండి ఎండి
ఒకనాడు అండ్ల దానంతట అదే జారిపడ్డది,
ఎన్నడూ ఎవల గొంతూ పట్టనట్టు.
తీసి బయట పెట్టిన.
తొలకరి పడ్డంక మళ్ల దూరలే.

ఇప్పుడు శివనగర్ల మబ్బు కమ్మితె
మా షాపు పోరగాళ్లు ఆకాశం దిక్కు చూడరు.
బుష్షును బొటనవేలుతోని నూకి చూస్తరు.